బ్రష్షుతోనే పాత కారు ఇంజిన్ రూమ్‌కు రంగు వేసుకోవడం ఎలా

పాత ఫియట్ పద్మినీకో అంబాసిడర్‌కో బాడీ పెయింటు వేయించినవాళ్లలో చాలామంది బానెట్ కింద మాత్రం అలాగే వదిలేస్తారు. షాపువాళ్లకూ ఆ పని మీద మనసుండదు. ఇంజిన్ దించకుండా స్ప్రే గన్ అన్ని మూలలకూ అందదు, దించితే కారు రోజుల తరబడి షెడ్డులోనే ఉండిపోతుంది. దాంతో బయట ఎంత తళతళలాడినా, బానెట్ ఎత్తగానే నూనె జిడ్డు, పెచ్చులు లేచిన రంగు, బ్యాటరీ కింద తుప్పు కనిపిస్తాయి. ఈ పనిని మీ ఇంట్లోనే, మీ చేత్తోనే, రెండు మూడు బ్రష్షులతో చక్కగా చేసుకోవచ్చు. ఇంజిన్ దించక్కర్లేదు, కంప్రెసర్ అక్కర్లేదు. రెండు మూడు వారాల తీరిక, ఓపిక, మన ఊరి వాతావరణం గురించి కాస్త అవగాహన ఉంటే చాలు. అనంతపురం ఎండను, గాలిని, బోరు నీళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కర్నూలు, కడప వాళ్లకూ దాదాపు ఇదే వర్తిస్తుంది.

ఇది అందం కోసం మాత్రమే చేసే పని కాదని ముందే చెప్పాలి. ఈ రెండు కార్లకూ లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీ రేకులే బరువు మోస్తాయి. ముందు చక్రాల పైన ఉండే లోపలి రేకులు తుప్పు పట్టి పలచబడితే కారు బలమే తగ్గుతుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, పద్మినీ అంతకంటే చాలా ముందే ఆగింది. కొత్త రేకుల కోసం తిరగడం కంటే ఉన్నవాటిని కాపాడుకోవడమే నయం.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దసరా ఆయుధ పూజకు బండి సిద్ధం కావాలని సెప్టెంబరులో పని మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. అది సరైన సమయం కాదు. మన జిల్లాలో ఏడాది మొత్తం పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. వాన పడిన సాయంత్రం లైటు వేస్తే ఉసుళ్లు వచ్చి తడి రంగు మీద అతుక్కుంటాయి.

ఆషాఢ, శ్రావణాల్లో వీచే గాలి సంగతి మనకు కొత్త కాదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే. మనం వాడబోయే ఎనామిల్ పెయింటు గంటల తరబడి జిగటగా ఉంటుంది కాబట్టి, ఆ గాలి మోసుకొచ్చే ఎర్రమట్టి దుమ్మంతా దాని మీదే వాలుతుంది. ఇక మార్చి నుంచి మే దాకా 40 డిగ్రీల ఎండలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు రంగులో పలచన కోసం కలిపే టర్పెంటాయిలు ఇట్టే ఆవిరైపోయి, రంగు సర్దుకునేలోపే బ్రష్షు గీతలు గట్టిపడిపోతాయి.

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. అప్పుడూ మంచు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. తెల్లవారుజామున రేకు గాలి కంటే చల్లగా ఉంటుంది, కంటికి కనిపించని తడి దాని మీద పడుతుంది. అరచేత్తో నిమిరి చూడండి. ఏ మాత్రం చెమ్మ తగిలినా ఆగాలి. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆ రోజు పూత ముగించండి. సాయంత్రం వేసిన రంగు మీద రాత్రి మంచు పడితే మెరుపు పోయి పాలిపోతుంది.

ఏ పెయింటు కొనాలి

పెయింటు కొట్టులో మూడు రకాలు చూపిస్తారు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు, అందులో కలిపే థిన్నర్ ఎగిరిపోగానే నిమిషాల్లో ఆరిపోతుంది. స్ప్రేకి అది మంచి గుణం, బ్రష్షుకు మాత్రం పనికిరాదు. రెండోసారి బ్రష్షు ఆడించేసరికి మొదటి పూత మళ్లీ కరిగి చాళ్లు చాళ్లుగా లేస్తుంది. పీయూ (పాలీయూరిథేన్) పెయింటు అన్నిటికంటే గట్టిది, పెట్రోలుకూ తట్టుకుంటుంది. కానీ అది గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం లాంటి జబ్బు పట్టుకోవచ్చు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో దాని జోలికి వెళ్లకండి.

మిగిలింది సింథటిక్ ఎనామిల్. ఇంటి గేట్లకు, కిటికీ ఊచలకు వేసే రంగు ఇదే. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నిదానంగా గట్టిపడుతుంది. ఆ నిదానమే మనకు కావాల్సింది, బ్రష్షు గీతలు వాటంతటవే సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది. ఇంజిన్ రూమ్ గోడల వేడి దానికి పెద్ద లెక్క కాదు. సైలెన్సర్ గొట్టం ఇంజిన్‌కు కలిసే మానిఫోల్డ్‌కు మాత్రం ఈ రంగు పూయకూడదు, కాలి పెచ్చులు రాలుతుంది. దానికి 600 డిగ్రీల దాకా తట్టుకునే హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం పెయింటు విడిగా దొరుకుతుంది.

కొనేముందు కారు మీద ఇప్పుడున్న రంగు ఏ రకమో తెలుసుకోండి. తెల్ల గుడ్డ ముక్కను ఎన్‌సీ థిన్నర్‌లో ముంచి, కనపడని మూలలో అర నిమిషం రుద్దండి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది ఎన్‌సీ. ముడతలు పడి ఉబ్బితే ఎనామిల్. ఏమీ కాకపోతే కంపెనీలో వేడి చేసి గట్టిపరిచిన రంగో, పీయూనో అయి ఉంటుంది. ఈ మూడింటి మీదా బాగా రుద్దాక ఎనామిల్ వేసుకోవచ్చు. తలకిందులుగా చేస్తేనే కుదరదు. రేపు ఎప్పుడైనా ఈ ఎనామిల్ మీద షాపువాళ్లు ఎన్‌సీ కొట్టబోతే వద్దని ఆపండి, థిన్నర్ తగలగానే కింద పూత మొత్తం ముడతలు పడి లేస్తుంది.

షేడు కలపడానికి బానెట్ మీది రంగును చూపించకండి, ఏళ్ల ఎండకు అది వెలిసిపోయి ఉంటుంది. బానెట్ కీలు కిందో, డ్యాష్‌బోర్డు వెనకో ఎండ తగలని చోటు ఒకటి తుడిచి, దాన్ని నమూనాగా తీసుకోండి. కలిపిన రంగును డబ్బా మూత మీద పూసి, ఆరాక పోల్చి చూడండి. తడిలో ఒకలా, ఆరాక మరోలా కనిపిస్తుంది. బాడీ రంగే లోపలా వేయండి. ఆర్‌సీలో రాసి ఉన్న రంగు అదే కాబట్టి తర్వాత తలనొప్పి ఉండదు.

ఇంజిన్ రూమ్‌కు లీటరు ఎనామిల్, అర లీటరు ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) తెచ్చుకుంటే మిగులుతాయి. ఇంకా కావాల్సినవి: టర్పెంటాయిలు, అంగుళం వెడల్పు మెత్తని బ్రష్షు ఒకటి, పిల్లలు బొమ్మలకు వాడే గుండ్రటి సన్న బ్రష్షులు రెండు, వైర్ బ్రష్షు, 80 నుంచి 600 నంబరు దాకా వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ నునుపు), మాస్కింగ్ టేపు, పాత పేపర్లు, కాటన్ వేస్ట్, పాత నూలు చీర. బ్రష్షు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. చవక బ్రష్షు వెంట్రుకలు ప్రతి పూతలోనూ రాలుతూనే ఉంటాయి.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ తీగ ముందు తీయండి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు దీనికి తిరగేసి. స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా మెరుపు రాకుండా ఉండాలంటే ఈ వరస తప్పకూడదు. కార్బొరేటర్‌కు వెళ్లే పెట్రోలు పైపు విప్పి, దాని మూతిలో సరిపడా బోల్టు దూర్చి క్లిప్పు బిగించండి. పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా డ్రిల్లు మిషన్ ఆన్ చేయొద్దు.

ఎయిర్ ఫిల్టర్, హారన్లు, ఇగ్నిషన్ కాయిల్, రెగ్యులేటర్, బ్యాటరీ ట్రే, వాషర్ నీళ్ల డబ్బా తీసేయండి. రేడియేటర్ కూడా తీస్తే ముందు ప్యానెల్ వెనక భాగం చేతికి అందుతుంది. అందులోంచి దించిన కూలెంట్‌ను కాలవలో పోయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ దూడలూ తాగితే చచ్చిపోతాయి.

ఒక్క వైరు తీసే ముందు కూడా ఫోనులో ఫోటో తీయండి, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి. తీసిన ప్రతి వైరుకూ మాస్కింగ్ టేపు చుట్టి దాని మీద నంబరు రాయండి. ఏ భాగం బోల్టులు ఆ భాగానికే, ఒక్కోదానికి ఒక్కో ఐస్‌క్రీం డబ్బా. వైర్లను కోసి పక్కకు నెట్టే మెకానిక్‌లు ఉంటారు, వాళ్లను ఈ పనికి పిలవకండి.

చాసిస్ నంబరు ఎక్కడ కొట్టి ఉందో ఇప్పుడే వెతికి, దాని చుట్టూ టేపు వేసుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పదు. అప్పుడు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. ప్రైమర్, పైన రెండు పూతల రంగు పడితే ఆ అంకెలు పూడిపోయి అచ్చు రాదు. వాటి మీద రంగు వద్దు, శుభ్రం చేసి పలచగా గ్రీజు రాస్తే చాలు. కంపెనీ వాళ్లు బిగించిన పేరు పలక కూడా అంతే. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని కారును ‘వీఏ’ సిరీస్ నంబరుతో వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. మీ కారు ఆ వయసుకు దగ్గరపడుతుంటే ఈ పలకలు, నంబర్లు మరీ విలువైనవి.

జిడ్డు వదిలించడం

రంగు పెచ్చు లేచిన చోట గోటితో గీకి చూడండి. దాని కింద నూనెగానీ తుప్పుగానీ ఉప్పుగానీ ఉంటుంది. ఈ మూడూ పోతే గేటు రంగు కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇవి ఉంటే ఎంత ఖరీదైన రంగైనా ఊడుతుంది. అందుకే సగానికి పైగా సమయం ఇక్కడే పెట్టండి.

ఏళ్ల నాటి గ్రీజు, దుమ్ము కలిసి గట్టిపడిన పొరను ముందు పుట్టీ పట్టీతో గీకేయండి. తర్వాత పాత బ్రష్షుతో డీజిల్ పూసి పావుగంట నాననిచ్చి, కాటన్ వేస్ట్‌తో తుడవండి. పెట్రోలు వాడొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిల్ గ్రీజును కరిగిస్తుంది కానీ తన జిడ్డు తాను వదిలి వెళ్తుంది. కాబట్టి దాని తర్వాత వేడి నీళ్లలో సర్ఫు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో అతుకులు, మూలలు, బోల్టు రంధ్రాల చుట్టూ రుద్ది కడగాలి. డిస్ట్రిబ్యూటర్, కార్బొరేటర్, సెల్ఫ్ మోటారు, డైనమోలకు ముందే ప్లాస్టిక్ కవర్లు గట్టిగా కట్టేసుకోండి.

కడిగాక ఒక మగ్గు నీళ్లు రేకు మీద పోసి చూడండి. నీళ్లు పల్చటి తెరలా పరుచుకుని జారితే జిడ్డు పోయినట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోయి అక్కడక్కడా పొడి మచ్చలు కనిపిస్తే ఆ చోట ఇంకా నూనె ఉంది, మళ్లీ సర్ఫు నీళ్లు పట్టించండి. కంటికి శుభ్రంగా కనిపించే చోట కూడా ఈ పరీక్షలో జిడ్డు బయటపడుతుంది. ముఖ్యంగా ఇంజిన్‌కూ డ్యాష్‌బోర్డుకూ మధ్య ఉండే అడ్డు రేకు కింది భాగంలో.

బ్రేక్ ఆయిల్ డబ్బా ఇంజిన్ రూమ్‌లోనే ఉన్న కార్లలో దాని కింద రంగు మెత్తబడి తోలులా వస్తుంది. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది. డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు నీటిలో కలిసిపోతాయి కాబట్టి సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు కడిగితే పోతుంది. కారుతున్న చోటును బాగు చేయించకుండా రంగు మాత్రం వేయకండి.

మన బోరు నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఉప్పు మీ అందరికీ తెలిసిందే. అదే ఉప్పు రేకు మీద మిగిలి పైన రంగు పడితే, గాలిలోని తేమను పూత గుండా లోపలికి లాగుతుంది. కొన్నాళ్లకు చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. కడగడానికి బోరు నీళ్లు వాడినా, ఆఖరున మాత్రం ఆర్‌వో ప్లాంటు క్యాను నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో మొత్తం తుడవండి. 20 లీటర్ల క్యాను ఒకటి ఈ పనికంతటికీ సరిపోతుంది.

తుప్పు

అన్నిటికంటే దెబ్బతినేది బ్యాటరీ ట్రే, దాని కింది రేకు. అక్కడ తెల్లగానో లేత పచ్చగానో పొడి ఉంటే అది యాసిడ్ చేసిన పని. నాలుగు చెంచాల వంటసోడా అర లీటరు నీళ్లలో కలిపి పోయండి. బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగాక మళ్లీ పోయండి. ఇక నురగ రాకపోతే యాసిడ్ అంతా విరిగిపోయినట్టు. అప్పుడు కడిగి, ఆరబెట్టి, గీకడం మొదలుపెట్టండి. యాసిడ్ విరగకుండా ప్రైమర్ వేస్తే తుప్పు కింద నుంచి పాకుతూనే ఉంటుంది.

గీకేటప్పుడు పాత రంగును పొడిగా రుద్దకండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అదీ ఇళ్ల రంగులకే. ఆ దుమ్ము పీల్చితే, ముఖ్యంగా పిల్లలకు, చాలా ప్రమాదం. వాటర్ పేపర్‌ను నీళ్లలో తడిపి రుద్దండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి, కారిన బురదను పాత పేపర్లతో ఎత్తి కవరులో కట్టేయండి. అడ్డు రేకుకు లోపలి వైపు అట్టలాంటి పాత వేడి నిరోధక పొర ఉంటే దాన్ని గీకడం, చింపడం చేయొద్దు. పాత కార్లలో అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

గట్టిగా ఉన్న పాత రంగును రేకు దాకా తీయక్కర్లేదు. 220 పేపరుతో మెరుపు చచ్చేదాకా రుద్దితే కొత్త రంగు పట్టుకుంటుంది. తుప్పు ఉన్నచోట 80తో మొదలుపెట్టి, వైర్ బ్రష్షుతో గుంతల్లోంచి తవ్వి, 180తో అంచులు కలపండి. వేలితో నిమిరితే పాత రంగుకూ ఖాళీ రేకుకూ మధ్య మెట్టు తగలకూడదు. గుంతల్లో నల్లటి మచ్చలు మిగిలితే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) పూయండి. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే రేకు లోపలికి దిగిందంటే అక్కడ రంగు పని ఆపి టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లండి. కొత్త రేకు వెల్డింగ్ వేయించాలి. ఆ రంధ్రాన్ని పుట్టీతో పూడ్చి రంగు వేయడం మిమ్మల్ని మీరు మోసం చేసుకోవడమే.

ప్రైమర్

ఖాళీ రేకు గాలికి గంటల్లోనే తుప్పు పట్టడం మొదలవుతుంది. కాబట్టి గీకిన రోజే ప్రైమర్ పడాలి. రెడాక్సైడ్ మెటల్ ప్రైమర్ ఎనామిల్ కింద చక్కగా కుదురుతుంది. బ్యాటరీ కింద, చక్రాల వైపు రేకులకు రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ ఇంకా మంచిది, యాసిడ్‌కూ నీటికీ బాగా తట్టుకుంటుంది. దాన్ని డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. జింక్ క్రోమేట్ ప్రైమర్ చాలా కొట్లలో ఇప్పటికీ చూపిస్తారు. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం, ఇంట్లో వద్దు.

రెడాక్సైడ్ ఒక్కటే వేసి నెలల తరబడి వదిలేయకండి. అది తేమను ఆపలేదు, పైన రంగు పడితేనే దానికి రక్షణ. ప్రైమర్ ఆరాక రేకుల అతుకుల్లో ఎండి పగిలిన పాత సీలర్‌ను (నీళ్లు దిగకుండా నింపే జిగురు ముద్దను) గీకి తీసి, పీయూ సీలర్ నింపి తడి వేలితో నునుపు చేయండి. తర్వాత 400 పేపరుతో పైపైన రుద్దండి.

రంగు వేయడం

కారు షెడ్డులోగానీ పోర్టికోలోగానీ పెట్టి, గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టండి. రంగు మొదలుపెట్టడానికి గంట ముందు చుట్టూ నేల మీద కళ్లాపి చల్లండి, దుమ్ము అణుగుతుంది. నీళ్లు మాత్రం నిలవనివ్వకండి. ఫ్యాను వేయొద్దు. గాలి ఆడేలా ఒక వైపు తెరిచి ఉంచండి, తల తిరిగినట్టు అనిపిస్తే వెంటనే బయటికి రండి. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ టర్పెంటాయిలు ఆవిరిని ఆపదు. దానికి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి.

రంగును డబ్బాలోంచి నేరుగా వాడకండి. బాగా కలిపి, పాత నూలు చీర ముక్కలో వడగట్టి, చిన్న గిన్నెలోకి పోసుకోండి. పది పాళ్ల రంగుకు ఒక పాలు టర్పెంటాయిలు కలిపితే సరిపోతుంది. బ్రష్షు ఎత్తితే రంగు ముద్దగా పడకుండా సన్నటి ధారగా జారాలి. కొత్త బ్రష్షును అరచేతికి బాగా రుద్ది, ఊడే వెంట్రుకలు ముందే వదిలించండి.

మొదట సన్న బ్రష్షుతో అంచులు, అతుకులు, వెల్డింగ్ చుక్కలు, బోల్టు రంధ్రాల చుట్టూ పూయండి. పదునైన అంచుల నుంచి రంగు వెనక్కి జారి అక్కడ పొర పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. మర ఉన్న రంధ్రాల్లో పాత బోల్టులు తిప్పి పెట్టండి, మరలోకి రంగు పోదు. ఎర్త్ తీగలు (కరెంటు కోసం బాడీ రేకుకు కలిపే తీగలు) బిగించే చోట టేపు వేసి రేకు ఖాళీగానే ఉంచండి. అక్కడ రంగు పడితే కారు పూర్తయ్యాక సెల్ఫ్ సరిగా తిరగదు, లైట్లు మసకగా వెలుగుతాయి. ఆ కారణం తెలియక బ్యాటరీ మారుస్తుంటారు.

తర్వాత పెద్ద బ్రష్షు. అడ్డు రేకుతో మొదలుపెట్టి, రెండు పక్కల రేకులు, చివరికి రేడియేటర్ ప్యానెల్. వెనక నుంచి ముందుకు వస్తే తడి రంగు మీద మీ చెయ్యి ఆనదు. బ్రష్షును వెంట్రుకల్లో మూడో వంతు మాత్రమే ముంచి, గిన్నె లోపలి వైపు తట్టండి. జానెడు మేర పూసి, అడ్డంగా ఒకసారి సర్దండి. తర్వాత దాదాపు పొడి బ్రష్షు కొనతో, బరువు వేయకుండా, పై నుంచి కిందికి ఒకే దిశలో లాగండి. అంతే, ఇక ముట్టుకోకండి. ఆరడం మొదలైన రంగును మళ్లీ సర్దబోతే గీతలు పడిపోతాయి. పక్క జానెడు పూసేటప్పుడు బ్రష్షు మొదటిదాని తడి అంచులోకి వచ్చి ఆగాలి. వెంట్రుక పడితే వెంటనే సూదితో తీయండి, ఆరాక తీస్తే గాటు మిగులుతుంది.

మొదటి పూతలో కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉంటుంది. కంగారుపడి మందంగా వేయకండి. మందపు ఎనామిల్ పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, వారానికి ముడతలు పడుతుంది. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య కనీసం ఒక రోజు ఆగి, 600 పేపరుతో తడిగా రుద్ది, క్యాను నీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. కారిన చోట్లు గట్టిపడ్డాక బ్లేడుతో చెక్కి, పేపరుతో సమం చేయండి. రెండు పూతలకే చాలామందికి సరిపోతుంది. తెలుపు, లేత రంగులకు మూడోది కావాలి.

రంగు తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయొద్దు. ఎనామిల్‌లో గట్టిపడే నూనెలు ఉంటాయి, ఉండగా చుట్టిన గుడ్డలో వేడి పుట్టి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. బయట విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక చెత్తలో వేయండి.

బిగించడం

రెండో రోజుకే రంగు చేతికి అంటదు. అది చూసి తొందరపడకండి. లోపలి దాకా గట్టిపడడానికి కనీసం వారం, పది రోజులు. ఆలోపు బోల్టు బిగిస్తే వాషర్ కింద రంగు నలిగి పక్కకు పొర్లుతుంది. బానెట్ కూడా పూర్తిగా దించకండి, రబ్బరు బీడింగ్ కొత్త రంగుకు అతుక్కుని, ఎత్తేటప్పుడు పొరలా లేచివస్తుంది. గోటితో గట్టిగా నొక్కితే గుర్తు పడకుండా ఉన్నప్పుడు బిగించడం మొదలుపెట్టండి.

ముందు ఎర్త్ పాయింట్లు. రేకు మెరిసేదాకా పేపరుతో రుద్ది, తీగ బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. బ్యాటరీ ట్రేలో రబ్బరు షీటు ముక్క పరిచి దాని మీద బ్యాటరీ పెట్టండి. ఫోటోలు చూసుకుంటూ, నంబర్ల ప్రకారం వైర్లు కలపండి. పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. స్టార్ట్ చేసేముందు పెట్రోలు పైపు కీళ్లు ఆరిన వేలితో తడిమి చూడండి, నిప్పు ఆర్పే సిలిండర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. మొదటి రెండు మూడుసార్లు ఇంజిన్ వేడెక్కినప్పుడు కొత్త రంగు వాసన వస్తుంది, అది మామూలే. పొగ వస్తే మాత్రం ఆపి, మానిఫోల్డ్ మీద రంగో డీజిలో మిగిలిందేమో చూడండి.

మిగిలిన రంగును గాలి మిగలకుండా మూతి దాకా నిండే చిన్న గాజు సీసాలో పోసి, షేడు పేరు, తేదీ రాసి పెట్టుకోండి. సగం ఖాళీ డబ్బాలో ఉంచితే తోలు కడుతుంది. నెలకోసారి బ్యాటరీ చుట్టూ చూసి, తెల్ల పొడి కనిపిస్తే ఆ రోజే వంటసోడా నీళ్లతో కడిగేయండి. స్పానర్ తగిలి ఎక్కడైనా రంగు రాలితే సన్న బ్రష్షుతో చుక్క ప్రైమర్, అది ఆరాక చుక్క రంగు వేస్తే సరిపోతుంది.